ఇంటి నార్మల్

“నాలుక బయటపెట్టి అలాగే ఉంచమ్మా, పది లెక్కపెడతాను” అంది పిల్లల డాక్టరమ్మ.

మూడు దగ్గరికి రాకుండానే నాలుక లోపలికి పోయింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పోయింది. పదకొండేళ్ళ పిల్ల సిగ్గుపడి తల్లి వైపు చూసింది. చూస్తుండగానే కుడి భుజం దానంతటదే ఎగిరింది, మూతి ఒక పక్కకి వంకరపోయింది. డాక్టరమ్మ తన రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పట్టుకోమంది. పిల్ల పట్టుకుంది, వదిలింది, పట్టుకుంది, వదిలింది, పాలు పితుకుతున్నట్టు.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. మాటలు వచ్చిన దగ్గర్నుంచి నోరు మూసింది లేదు గనక ఆ పేరు. నెలన్నరగా మాట ముద్దముద్దగా వస్తోంది. నలుగురూ నవ్వుతున్నారని మాట్లాడటమే మానేసింది. ముత్యాల్లాంటి దస్తూరి కాస్తా కోడి గెలికినట్టయింది. తనను చూసి వెక్కిరిస్తోందని టీచరు చీటీ రాసి పంపింది. ఒక సాయంత్రం ఇంట్లో మూడో గాజుగ్లాసు పగిలినప్పుడు తల్లికి ఒళ్ళు మండి, పిల్ల మణికట్టు మీద ఒక్కటి వేసింది. పిల్ల ఏడవలేదు. “నేను కావాలని పడెయ్యలేదమ్మా, చెయ్యే పడేసింది” అంది. ఆ మాట తల్లిని ఆ రోజు నుంచీ తింటూనే ఉంది.

ఆ తల్లి ఈ ఆసుపత్రి ల్యాబులోనే పద్నాలుగేళ్ళుగా టెక్నీషియను. రక్తాన్ని కాసేపు కదలకుండా ఉంచి, యంత్రంలో వేసి తిప్పితే పైకి తేలే పసుపు పచ్చటి నీరే సీరం. బతుకంతా ఆ నీటితోనే గడిచింది కాబట్టి అందరూ ఆమెను సీరం అక్క అంటారు. ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

“ఏఎస్ఓ నార్మల్ వచ్చింది” అంది డాక్టరమ్మ, రిపోర్టు బల్ల మీద పెట్టి. ఆ రిపోర్టు సీరం అక్క తన చేత్తో చేసిందే.

ఈ ఏఎస్ఓ సంగతి ఒక్క ముక్కలో చెప్పుకోవాలి. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరితే ఒళ్ళు ఊరుకోదు, దాన్ని కొట్టడానికి యాంటీబాడీలను తయారు చేస్తుంది. రెండు రోజుల్లో గొంతునొప్పి పోతుంది, పిల్లలు ఆటలకు పోతారు, పెద్దలు మర్చిపోతారు. కొందరి ఒంట్లో మాత్రం ఆ యాంటీబాడీలు దొంగ పారిపోయాక ఇంటివాళ్ళనే పట్టుకుని బాదుతాయి. కీళ్ళను, గుండె కవాటాలను, ఒక్కోసారి మెదడులో కాళ్ళూచేతుల్ని అదుపులో పెట్టే చోటును. ఆ యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో సీరంలో చూసే పరీక్షే ఏఎస్ఓ.

“గొంతునొప్పి వెనక వచ్చే ఆ జబ్బే అని నాకూ అనుమానం. కానీ గుండె స్కానులో కవాటం లీకు చాలా కొంచెం, పుట్టుకతో కూడా ఉండొచ్చు. ఏఎస్ఓ చూస్తే నార్మల్. గొంతునొప్పి వచ్చిందా అంటే మీరే లేదంటున్నారు. దేన్ని పట్టుకుని, గొంతునొప్పి మళ్ళీ రాకుండా ఇరవై ఒక్క రోజులకో ఇంజెక్షను చొప్పున పదేళ్ళు పొడవమని రాయను? పై డాక్టర్లు నన్ను నిలదీస్తారు” అంది డాక్టరమ్మ.

“రాయకపోతే మేడమ్?”

“ఆ జబ్బే అయితే, ఇంకొక్క గొంతునొప్పి చాలు, కవాటం దెబ్బతింటుంది. అది మీకు నేను చెప్పాలా?” డాక్టరమ్మ ఇంకో చీటీ రాసింది. “ఈ లోపు మానసిక వార్డులో చూపించండి. కొందరు పిల్లలు ఇంట్లో ఏదో మనసులో పెట్టుకుని ఇలా చేస్తారు.”

పిచ్చుక ఆ మాట వింది. ఏదో చెప్పుకోవడానికి నోరు తెరిచింది గానీ మాట కూడబలుక్కునేలోపు బయట కూర్చున్న తర్వాతి వాళ్ళను పిలిచేశారు.

ఆ తర్వాత రెండు రోజులు సీరం అక్క కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ల్యాబుకు పెద్ద అయిన డాక్టరు, అందరూ పెద్దాయన అంటారు, ఆమె గోడు విని కళ్ళజోడు తీశాడు.

“ఒక్క కొలతతో ఏం తెలుస్తుందమ్మా? మనిషి మెట్ల మీద నిలబడ్డ ఫోటో చూసి ఎక్కుతున్నాడో దిగుతున్నాడో చెప్పగలమా? పిల్ల రక్తం మూడు నెలల కిందటిది ఉంటే, అప్పుడు ఎక్కువుండి ఇప్పుడు తగ్గితే, అంతకంటే రుజువు అక్కర్లేదు. ఈ చేతులెగిరే జబ్బు బయటపడేసరికి ఏఎస్ఓ దిగిపోయి ఉండటం మామూలే.”

“ఒంట్లో బాగున్న పిల్ల రక్తం ఎవరు దాస్తారు సార్?”

“అదీ నిజమే” అని ఆయన కళ్ళజోడు పెట్టేసుకున్నాడు.

అయినా ఆమె ఊరుకోలేదు. పిల్ల పన్ను పీకిన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పాత రక్తం ఏమైనా ఉందా అని అడిగింది, బడిలో ఆరోగ్య పరీక్షలు చేసినవాళ్ళను అడిగింది. వేలు పొడిచి చుక్క చూసి తుడిచేశామన్నారు. ఎదురుగా ఉన్న ఒక్కో దారీ మూసుకుపోతుంటే, మానసిక వార్డు చీటీ మాత్రం సంచిలో నలగకుండా పడుంది.

మూడో రోజు పొద్దున ల్యాబులో డీప్ ఫ్రీజరులో పేరుకున్న మంచు గీకడం ఆమె వంతు. కింది అరలో, పాత పెట్టెల వెనక, రబ్బరు బ్యాండు వేసిన నాలుగు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు దొరికాయి. వాటి మీద ఆమె దస్తూరితోనే నార్మల్ అని, కింద తేదీ రాసి ఉంది. మూడు నెలల పదిహేను రోజుల కిందటి తేదీ.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ నాలుగు గొట్టాల్లో ఉన్నది పిచ్చుక సీరం.

అది అక్కడికి ఎలా వచ్చిందంటే, ల్యాబుల్లో ఒక అలవాటు ఉంది. ఏ పరీక్ష చేసినా పక్కన జబ్బు లేని మనిషి సీరం ఒకటి పెట్టి చేస్తారు. దాన్ని కంట్రోలు అంటారు. అది ఏమీ చూపించకపోతే పరీక్ష సరిగ్గా నడుస్తున్నట్టు. పరీక్ష మందులుండే కిట్టుతో పాటు కంట్రోలు సీసా ఒకటి వస్తుంది గానీ, అది చిటికెనవేలంత. కిట్టు సగంలో ఉండగానే అయిపోతుంది. అప్పుడు టెక్నీషియన్లు తమ రక్తమే తీసి వాడతారు. ఇదేమీ ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ ల్యాబులోనూ ఆగదు. సీరం అక్క దాన్ని ‘ఇంటి నార్మల్’ అనేది. ఏళ్ళ తరబడి తన రక్తమే వాడింది. ఆ నెలలో మాత్రం తనకు నలతగా ఉండి మందులు మింగుతోంది. భర్త రక్తం తీద్దామంటే, పది అంతస్తుల లిఫ్టు గోతిలో తాడు కట్టుకుని వేలాడే ఆ లిఫ్టు మెకానిక్కు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. పెళ్ళయిన ఏడాది ఒకసారి ప్రయత్నించి, ఆయన్ని లేపడానికి నలుగురు మనుషులు కావాల్సి వచ్చింది.

“నాది తీసుకో అమ్మా” అని పిచ్చుకే చెయ్యి చాపింది. తర్వాత బడిలో అందరికీ చెప్పుకుంది, “నా రక్తం ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది తెలుసా?” అని.

సీరం అక్క చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. పాత సీరం కరిగేదాకా గుప్పిట్లో పట్టుకుంది. నల్లటి పలక మీద ఒక చుక్క పాతది, ఒక చుక్క మొన్నటిది వేసి, యాంటీబాడీలు ఎక్కువుంటే గింజకట్టే తెల్లటి ద్రావకం కలిపి, రెండు నిమిషాలు అటూఇటూ ఊపింది. మొన్నటిది పాలలా నున్నగా ఉండిపోయింది. పాతది విరిగిన పాలలా గింజలు గింజలుగా గుంపుకట్టింది. సగానికి పలచన చేసినా గుంపుకట్టింది. పావు వంతు చేసినా కట్టింది. ఎనిమిదో వంతుకు గానీ నున్నబడలేదు. ఉండాల్సిన దానికి నాలుగు రెట్లకు తగ్గదు. అప్పుడు అంత ఎక్కువ, ఇప్పుడు నార్మల్. పిల్ల మెట్లు దిగుతోంది!

ఆమె నవ్వింది. ల్యాబులో ఒక్కతే కూర్చుని, కళ్ళనీళ్ళు కారుతుండగా పైకే నవ్వింది. అప్పుడే గొంతునొప్పి కూడా గుర్తొచ్చింది. ఈ రక్తం తీయడానికి మూడు నాలుగు వారాల ముందు పిచ్చుక రెండు రోజులు గొంతు పట్టుకుని తిరిగింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, తగ్గిపోయింది, మర్చిపోయింది. ల్యాబువాళ్ళంత అనుమానపు మనుషులు లోకంలో ఉండరు, ఒక్క తమ ఇంటి విషయంలో తప్ప. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఎనిమిదో వంతు.

నవ్వు ఆగిపోయింది. ఎనిమిదో వంతు అన్న మాట ఆమెకు ఇంకెక్కడో తెలుసు.

మూడు నెలల కిందట, ఈ ఇంటి నార్మల్‌ను మొదటిసారి పలక మీద పెట్టిన రోజున కూడా అది ఇలాగే గుంపుకట్టింది. కట్టకూడదు కదా, అది నార్మలు. రెండు రోజుల ముందే కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కింది. కిట్టు పాడైంది, అందుకే ప్రతి దానికీ గుంపుకడుతోంది అనుకుంది. కొత్త కిట్టు రావడానికి ఆరు వారాలన్నారు. పెద్దాయన సెలవులో ఉన్నాడు. బయట రోగులు వరసలో ఉన్నారు. అనుభవం ఉన్న మనిషి చేసే పనే ఆమె చేసింది. కంట్రోలు నున్నబడేదాకా పలచన చేసుకుంటూ పోయింది, ఎనిమిదో వంతు దగ్గర నున్నబడింది. అక్కణ్ణుంచి ఆ ఆరు వారాలూ వచ్చిన ప్రతి సీరాన్నీ ఎనిమిదో వంతుకు పలచన చేసే పరీక్షించింది. అసలు కిట్టు పాడవనే లేదు. అప్పుడు మాత్రం పాడైన కిట్టును ఒంటి చేత్తో నడిపించానని లోలోపల గర్వపడింది కూడా.

కంచే చేను మేసింది. తన బిడ్డ జబ్బునే ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టి ఊరందరినీ కొలిచింది.

రోజూ కంట్రోలునూ, దాని పక్కన చేసిన పరీక్షలనూ రాసే కంట్రోలు పుస్తకం తీసింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆ ఆరు వారాల్లో ముప్పై ఏడు పరీక్షలు. వాటిలో రెండే గుంపుకట్టాయి, అవి ఎంత పలచన చేసినా దాగనంత ఎక్కువ. మిగతా ముప్పై ఐదు పేర్ల ఎదురుగా నెగటివ్ అని తన చేత్తోనే రాసింది. వాళ్ళలో నిజంగా నార్మల్ ఎవరో, కానివాళ్ళు ఎవరో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రోగుల సీరాలు నెల దాటితే పారబోస్తారు. పారబోయకుండా దాచేది కంట్రోలు ఒక్కటే. ముప్పై ఐదు మందికీ లేని పాత రక్తం, వాళ్ళను మోసం చేసిన ఈ పిల్లకు మాత్రం ఉంది.

సాయంత్రం ఇంట్లో భర్త అంతా విన్నాడు. అరుగు మీద కూర్చుని, చేతుల గ్రీజు కడుక్కోవడం కూడా మర్చిపోయాడు.

“పిల్లకి రుజువు దొరికిందా లేదా?”

“దొరికింది. కానీ ఆ గొట్టం మీద తేదీ నేను రాసిందేగా. తల్లిని, టెక్నీషియన్ని. ఎవరు నమ్ముతారు? నమ్మాలంటే పెద్దాయన సంతకం ఉన్న కంట్రోలు పుస్తకం చూపించాలి. ఇంటి నార్మల్, మన పిల్లది, ఫలానా రోజు తీశాం అని అందులోనే ఉంది.”

“చూపించు మరి.”

“అదే పేజీలో ఆ పేర్లు మొదలవుతాయండీ. పక్కనే ఒకటికి ఎనిమిది అని రాసుంది. తెలిసినవాళ్ళు చూస్తే చాలు.”

ఆయన గొంతు తగ్గించి, “పైన తేదీ ఒక్కటే కనపడేలా జిరాక్సు తీయి” అన్నాడు. “నేను చెడ్డవాణ్ణి కాదే. కానీ ముందు నా పిల్ల. ఉద్యోగం పోతే దాని మందులెట్లా? ఆ మిగతావాళ్ళకి మాత్రం ఇప్పుడు నువ్వు ఏం చేయగలవు?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మనిషి మాట తప్పని ఆమె అనలేకపోయింది, ఎందుకంటే ల్యాబు నుంచి ఇంటికి నడిచి వచ్చిన దారంతా తనూ అదే అనుకుంటూ వచ్చింది. లోపల గదిలో పిచ్చుక చెంచాతో అన్నం నోటిదాకా తీసుకుపోలేక చొక్కా మీద పోసుకుంటోంది. ఆమె వెళ్ళి తినిపించింది. పిల్ల తల ఎగిరినప్పుడల్లా చెంచా పళ్ళకు తగులుతోంది.

మర్నాడు పిల్లను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. సంచిలో జిరాక్సూ ఉంది, పుస్తకమూ ఉంది. రెండు ఫలితాలు ముందు పెట్టింది. డాక్టరమ్మ కనుబొమ్మలు పైకి లేచాయి.

“పాతది అంత ఎక్కువా? ఇది ఎప్పటిదని ఎలా నమ్మను?”

సీరం అక్క చెయ్యి సంచిలోకి పోయింది. జిరాక్సు వేళ్ళకు తగిలింది. తగిలినా పుస్తకమే బయటికి తీసింది. ఎందుకని అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. కాగితం ముక్క చూపిస్తే ఈవిడ నమ్మదేమో అన్న భయమే అప్పుడు ఎక్కువగా ఉంది. మంచితనం గురించి ఆలోచించే తీరిక ఆ నిమిషంలో లేదు.

డాక్టరమ్మ తేదీ చూసింది, సంతకం చూసింది. “చాలు” అని పుస్తకం మూసి వెనక్కి ఇచ్చేసింది. “మీ అనుమానమూ నిజమే, నా అనుమానమూ నిజమే. ఇవాళే మొదటి ఇంజెక్షను వేయిద్దాం. మానసిక వార్డు చీటీ చించేయండి.” పిల్ల వైపు తిరిగింది. “నువ్వు కావాలని చేయట్లేదమ్మా. నాకు తెలిసింది. తగ్గిపోతుంది.”

పిచ్చుక ఆ మాటకు భోరున ఏడ్చింది. నెలన్నరగా ఎవరూ చెప్పని మాట అది.

పుస్తకం మళ్ళీ సీరం అక్క ఒళ్ళో ఉంది. డాక్టరమ్మ కింద పేర్లు చూడలేదు. ఇక ఎవరూ చూడరు. లేచి నిలబడితే చాలు, పిల్ల దక్కినట్టే, ఉద్యోగమూ దక్కినట్టే. ఆమె లేచింది కూడా. చించడానికి మానసిక వార్డు చీటీ చేతిలోకి తీసుకుంది. మొన్న ఈ చీటీ తన చేతికి రావడానికి కారణమైన రిపోర్టు సరైనదే, అయినా తను రెండు రోజులు చచ్చి బతికింది. తప్పుడు రిపోర్టులు పట్టుకుని ఎంతమంది తల్లులు ఈ గుమ్మం దాటారో! ఆమె మళ్ళీ కుర్చీలో కూలబడింది.

“మేడమ్, ఆ పేజీ కింద దాకా చదవండి” అంది.

డాక్టరమ్మ చదివింది. రెండోసారి చదివింది. ఒక పేరు మీద వేలు ఆగింది, అది తను చూసి ఇంటికి పంపిన పిల్ల పేరే. వెంటనే ఫోన్ తీసి పెద్దాయన్ని పిలిచింది.

ఆయన వచ్చి నిలబడే చదివాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. “ఈ సంతకాలన్నీ సెలవు నుంచి వచ్చాక ఒక్క పూటలో పెట్టాను, చదవకుండా” అన్నాడు ఆయన. “పై వాళ్ళకు కాగితం నేను రాస్తాను. నీ మీద ఏం చేస్తారో నా చేతుల్లో లేదమ్మా. ముందు వీళ్ళందరినీ పిలవాలి. రక్తం ఇప్పుడేమీ చెప్పకపోవచ్చు. గుండె విని చూడాలి, ఒక్కొక్కరిదీ.”

ఇంజెక్షను అయ్యాక పిచ్చుకను ల్యాబులో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టారు. సీరం అక్క పుస్తకం ముందు పెట్టుకుని, ఫోన్ దగ్గరికి లాక్కుంది. పిల్ల అంతసేపూ పెద్దవాళ్ళ మాటలు వింటూనే ఉంది.

“అమ్మా, నా రక్తం వల్లేనా వాళ్ళకి జబ్బు?” మాట ముద్దగానే వచ్చింది, కానీ అడిగింది.

“కాదు తల్లీ. నీ రక్తం మొదటి రోజే నిజం చెప్పింది. అమ్మే వినలేదు.”

పిల్ల ఆలోచించింది. ఎగిరే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, “అయితే ఫోన్ చెయ్యి” అంది.

మొదటి పేరు పదమూడేళ్ళ అమ్మాయిది. కీళ్ళనొప్పులు అని పక్కన రాసి ఉంది. నాలుగుసార్లు మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. వెనక నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు.

“ఆసుపత్రి నుంచా? మా అమ్మాయి రిపోర్టు ఎప్పుడో వచ్చేసిందమ్మా. నార్మలే అన్నారు.”

“అవునండీ. ఇప్పుడు... ఇప్పుడెలా ఉంది?”

“ఆ నొప్పులు వాటంతటవే పోయాయి. ఇప్పుడు కొత్త వేషం మొదలెట్టింది. రెండు మెట్లెక్కితే ఆయాసమంట, కూర్చుండిపోతుంది. పని చెప్తే చాలు. రిపోర్టు నార్మల్ అని పెట్టుకుని ఏం రోగమే నీకు అని నిన్న కూడా రెండు వేశాను.”

సీరం అక్కకు ఆనాటి గ్లాసు పగిలిన చప్పుడు మళ్ళీ వినిపించింది. ఎదురుగా స్టూలు మీద తన పిల్ల మణికట్టు కనిపిస్తోంది. అవతలి ఆవిడ రెండుసార్లు హలో అంది.

“కొట్టకండమ్మా” అంది చివరికి. “ఆ పిల్లది వేషం కాదు. రిపోర్టు తప్పు. రాసింది నేనే. మెట్లెక్కనివ్వకుండా, మెల్లగా, ఇవాళే తీసుకురండి.”

అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పంపు కట్టేసినట్టుంది. ఫోన్ మాత్రం పెట్టలేదు. సీరం అక్క కూడా పెట్టలేదు. ఆవిడ ఏం అంటే అది పడటానికి చెవి దగ్గర పట్టుకుని అలాగే కూర్చుంది. పుస్తకంలో ఇంకా ముప్పై నాలుగు పేర్లున్నాయి.